తావు, స్థలం: మానవ భూగోళశాస్త్ర సిద్ధాంతాలకు కర్నూలు–కడప సీమ వేసే ప్రశ్నలు

వ్యాససంగ్రహం:
మానవ భూగోళశాస్త్రంలో స్థలం గురించి చర్చించిన యి-ఫు తువాన్, ఎడ్వర్డ్ రెల్ఫ్, హెన్రీ లెఫెవ్ర్, జాన్ ఆగ్న్యూ, డోరీన్ మాసీ తదితరుల ప్రతిపాదనలు ఇటీవల తెలుగు సాహిత్య పరిశోధనలోకి ప్రవేశిస్తున్నాయి. వాటిని సిద్ధంగా ఉన్న కొలబద్దలుగా తీసుకొని రచనలకు అన్వయించడం ఒక పద్ధతి. కర్నూలు, కడప జిల్లాల కైఫీయతులు, కాలువలు, ముంపు గ్రామాలు, వలసలు, కథలు, నవలల ఎదుట ఆ ప్రతిపాదనలనే నిలబెట్టి పరీక్షించడం మరొక పద్ధతి. ఈ వ్యాసం రెండో పద్ధతిని అనుసరిస్తుంది. ఏ సిద్ధాంతం ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ సవరణ కోరుతుందో పరిశీలించి, సంబంధాల అల్లికగా తావును చూసే దృష్టి సీమ సాహిత్య విమర్శకు, సీమ హక్కుల వాదానికి కూడా ఎందుకు అవసరమో నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: తావు, స్థలం, రాయలసీమ, కైఫీయతులు, శ్రీశైలం ముంపు, వలస, ప్రాంతీయత, డోరీన్ మాసీ, హెన్రీ లెఫెవ్ర్.

1. ప్రవేశిక

రాయలసీమ సాహిత్యంపై వెలువడే సిద్ధాంత గ్రంథాల్లో "ప్రాంతీయత" ఒక తప్పనిసరి అధ్యాయంగా స్థిరపడింది. కరువు, కక్షలు, వలస, మాండలికం అనే ఉపశీర్షికల కింద రచనల నుంచి ఉదాహరణలు పేర్చడంతో సాధారణంగా ఆ అధ్యాయం ముగుస్తుంది. ఈ పద్ధతిలో ప్రాంతం ఒక పాత్ర లాంటిది. కథ అందులో పోసిన నీరు. పాత్ర ఆకారం ముందే తెలుసు కనుక పరిశోధకుడు చూపవలసిందల్లా నీరు ఆ ఆకారంలో ఉందని మాత్రమే. కరువు ఉన్న కథ సీమ కథ అవుతుంది. కరువు లేని సీమ కథ అధ్యాయంలో ఇమడదు.

ఈ ఇబ్బందిని దాటడానికి కొందరు పరిశోధకులు మానవ భూగోళశాస్త్రం వైపు చూస్తున్నారు. ఇది ఆహ్వానించదగిన మార్పు. అయితే ఆ శాస్త్రం మనకు చేరే మార్గంలోనే ఒక చిక్కుంది. 2004లో ఫిల్ హబ్బర్డ్, రాబ్ కిచిన్, గిల్ వాలెంటైన్‌ల సంపాదకత్వంలో వచ్చిన 'కీ థింకర్స్ ఆన్ స్పేస్ అండ్ ప్లేస్' వంటి గ్రంథాలు ఒక్కొక్క ఆలోచనాపరునికి ఒక్కొక్క వ్యాసం కేటాయిస్తాయి. విద్యార్థికి అది సౌకర్యం. కాని సిద్ధాంతం ఒక వాదంగా కాక ఒక వ్యక్తి పేరుగా గుర్తుండిపోయే ప్రమాదం కూడా అందులోనే ఉంది. పేరు దొరికాక దానికి తగిన రచనను వెతకడం తేలిక. అప్పుడు తువాన్ ఒక అధ్యాయానికి, లెఫెవ్ర్ మరొక అధ్యాయానికి తలుపు మీద పలకలుగా మిగులుతారు. వారి మధ్య ఉన్న తగవు మాత్రం మన చేతికి రాదు. ఆ తగవును సీమ నేల మీదికి తెచ్చి చూడటం ఈ వ్యాసం చేసే ప్రయత్నం.

2. పదాల సమస్య

ఆంగ్లంలోని స్పేస్, ప్లేస్ అనే జంటకు తెలుగులో స్థలం, ప్రదేశం, చోటు, ప్రాంతం, అంతరాళం వంటి పదాలు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వాడుతున్నారు. ఈ వ్యాసంలో మొదటిదానికి "స్థలం", రెండోదానికి "తావు" అనే పదాలను వాడుతున్నాను. ఇళ్ల స్థలం, ఖాళీ స్థలం అన్నప్పుడు మన మనసులో మెదిలేది కొలత. సెంట్లలో, గజాల్లో చెప్పదగినది స్థలం. స్థలపురాణం, స్థలమాహాత్మ్యం వంటి సమాసాల్లో ఆ పదానికి మహిమతో నిండిన పాత అర్థం ఉన్నమాట నిజమే. అయితే నేటి వ్యవహారంలో రిజిస్ట్రేషను కార్యాలయపు అర్థమే బలంగా ఉంది.

తావు అలా కాదు. సీమ వాడుకలో "ఆ తావ", "యా తావ" అన్నవి చోటును చెబుతాయి. "నా తావ దుడ్లు లేవు" అన్నప్పుడు అదే పదం మనిషికి అంటుకొని "నా దగ్గర" అనే అర్థమిస్తుంది. అంటే తావు ఎవరిదో ఒకరిది. శిష్టవ్యవహారంలో "అనుమానానికి తావు లేదు" అంటాం. అక్కడ తావు అంటే ప్రవేశం, అవకాశం. తావు ఇచ్చేవారు, తావు దొరకనివారు అనే అధికార సంబంధం ఆ ప్రయోగంలో ఇమిడి ఉంది. "సంఘటన చోటుచేసుకుంది" అనే పత్రికా వాక్యం మరో విశేషాన్ని చూపుతుంది. చోటు ముందుగా ఉంటే అందులో సంఘటన జరగడం ఒక భావన. సంఘటనే తనకు చోటును చేసుకోవడం వేరొక భావన. తావును ఒక సంఘటనగా చూడాలన్న మాసీ వాదాన్ని తెలుగు పాఠకునికి వివరించడానికి ఈ నుడికారం చాలు. సొంత భాషలోని ఈ మూడు అంచులూ, అంటే ఎవరిది, ఎవరికి ప్రవేశం, ఏది జరిగితే తావైంది అనే ప్రశ్నలు, కింది విశ్లేషణకు ఆధారం.

3. తువాన్: విరామంగా తావు

చైనాలో పుట్టి అమెరికాలో బోధించిన యి-ఫు తువాన్ (1930–2022) 'టోపోఫిలియా' (1974), 'స్పేస్ అండ్ ప్లేస్' (1977) గ్రంథాలతో అనుభవాన్ని భూగోళశాస్త్రపు కేంద్రంలో నిలిపాడు. స్థలం కదలికకు వీలిచ్చేదైతే, ఆ కదలికలో ఆగిన చోటు తావు అవుతుందని ఆయన భావన. పరిచయం పెరిగి, విలువ చేరినప్పుడు స్థలం తావుగా మారుతుంది. స్థలంలో స్వేచ్ఛ, తావులో భద్రత ఉంటాయి.

ఈ భావనకు మన రెండు పట్టణాల పేర్లే ఆశ్చర్యకరమైన సాక్ష్యాలు. తిరుమలకు పోయే యాత్రికులకు దేవుని కడప "గడప" అనీ, ఆ గడపే కడప అయిందనీ జనశ్రుతి. అలంపురం ఆలయాలకు రాళ్లు మోసిన బండ్లు తుంగభద్ర ఒడ్డున ఆగి ఇరుసులకు కందెన పూసుకున్న చోటు కందెనవోలు అనీ, అదే కర్నూలు అయిందనీ మరొక జనశ్రుతి. వ్యుత్పత్తిగా ఇవి ఎంతవరకు నిలుస్తాయన్నది భాషాశాస్త్రం తేల్చవలసిన సంగతి. ఇక్కడ ముఖ్యమైనది ప్రజలు తమ పట్టణాలను గుర్తుంచుకున్న తీరు. ఒకటి దాటిపోయే చోటు, మరొకటి ఆగి సాగే చోటు. ఈ జ్ఞాపకంలో కోటగోడ లేదు, బాట ఉంది. సీమను మూసుకున్న ప్రాంతంగా చూసే అలవాటుకు సీమ జనుల స్థలనామ జ్ఞాపకమే ఎదురు చెబుతోంది.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల 'కొండపొలం' తువాన్ ప్రతిపాదనను మరింత సూక్ష్మంగా చదవడానికి వీలిస్తుంది. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన ఈ రచనకు ఆధారం ఒక జీవనాచారం. కరువు కాలంలో గొర్రెలకు మేత, నీళ్లు దొరకనప్పుడు కాపరులు మందలను తోలుకొని నల్లమల ఎక్కి వారాల తరబడి అడవిలో గడపడమే కొండపొలం. చదువుకొని ఉద్యోగం లేని యువకుడు తండ్రితో పాటు అడవికి పోతాడు. మొదట అడవి అతనికి దిక్కు తెలియని స్థలం. రాత్రి కాపలా, పులి భయం, నీటి మడుగుల ఆనవాళ్లు, చెట్ల పేర్లు నేర్చుకుంటూ పోగా అది తావు అవుతుంది. ఇంతవరకు తువాన్ సరిపోతాడు. అయితే తువాన్ చెప్పే భద్రత ఇక్కడ తలకిందులైంది. భద్రంగా ఉండవలసిన ఊరు ఎండి, ప్రమాదకరమైన అడవి బతుకునిచ్చింది. ఆ అడవి మీద కాపరికి హక్కు లేదు. వాన పడితే దిగిపోవాలి. హక్కు లేని చోట పుట్టిన తావు అనే స్థితికి తువాన్ దగ్గర మాట లేదు.

లోపం ఇంకొకటి ఉంది. తువాన్ గ్రంథంలో అనుభవించే మనిషి ఎవరైనా కావచ్చు. అతనికి శరీరం ఉంది, కులం లేదు. సీమ గ్రామంలో ఊరు వేరు, మాలపల్లె వేరు, మాదిగ గేరి వేరు. ఊరి నడిమి రచ్చబండ ఒకరికి ఇల్లంత పరిచితం. మరొకరికి చెప్పులు చేతబట్టుకొని దాటవలసి వచ్చిన దూరం. ఇద్దరూ ఒకే ఊరివాళ్లే. ఇద్దరికీ ఆ ఊరు పరిచయమే. పరిచయం తప్పక ఆత్మీయతకు దారితీస్తుందని అనుకోవడానికి లేదు. దేనికి ఎక్కడ తావుందో, ఎవరు "తావు తప్పినవారు"గా కనిపిస్తారో సమాజం నిర్ణయిస్తుందని చూపిన టిమ్ క్రెస్‌వెల్ గ్రంథం 'ఇన్ ప్లేస్ / అవుట్ ఆఫ్ ప్లేస్' (1996) ఇక్కడ తువాన్‌కు అవసరమైన సవరణ. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్ల పేర్లపై చేసిన పరిశోధనను ఈ వెలుగులో మళ్లీ చదవవలసి ఉంది. ఎర్రగుంట్ల వంటి పేరు నీటి జాడను చెబుతుంది. లక్కిరెడ్డిపల్లె వంటి పేరు ఒక వ్యక్తిని నిలబెడుతుంది. ఊరికి దూరంగా ఉన్న వాడలకు మాత్రం ప్రభుత్వ కాగితాల్లో "హరిజనవాడ", "ఎస్సీ కాలనీ" అనే ఏకరూపమైన పేర్లే మిగిలాయి. నీటి జాడ, మనిషి పేరు, కథ ఏదీ లేని ఆ పేర్లు, సొంత పేరుతో తావు కావడం కూడా ఒక అధికారమేనని చూపుతున్నాయి.

4. లెఫెవ్ర్: పటం, కైఫీయతు, కాలువ

ఫ్రెంచి తాత్త్వికుడు హెన్రీ లెఫెవ్ర్ 1974లో ప్రచురించిన గ్రంథం 1991లో 'ది ప్రొడక్షన్ ఆఫ్ స్పేస్' పేరుతో ఆంగ్లంలోకి వచ్చి భూగోళశాస్త్ర చర్చను మలుపు తిప్పింది. స్థలం ప్రకృతి ఇచ్చిన ఖాళీ పాత్ర కాదనీ, ప్రతి సమాజం తన స్థలాన్ని ఉత్పత్తి చేస్తుందనీ ఆయన వాదం. నిత్యజీవన కార్యకలాపాల్లో గ్రహించే స్థలం, ప్రణాళికాకర్తలూ అధికారులూ ఊహించి గీసే స్థలం, ప్రతీకలతో జ్ఞాపకాలతో జీవించే స్థలం అనే మూడు అంశాలను ఆయన వేరు చేసి చూపాడు. ఎడ్వర్డ్ సోజా 1996లో దీన్నే "తృతీయ స్థలం" పేరుతో విస్తరించాడు.

ఈ సూత్రానికి సీమ చరిత్ర దాదాపు ఒక ప్రయోగశాల. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 వరకు పనిచేశాడు. పొలం పొలాన్నీ కొలిపించి, మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, రైతువారీ శిస్తుకు పునాది వేశాడు. ఆ కాలంలోనే కాలిన్ మెకంజీ దక్షిణాదిలో సర్వే చేస్తూ, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. పటం గీయడం అతని కొలువు. అదే సమయంలో కావలి సోదరులు మొదలైన సహాయకుల ద్వారా గ్రామాల వృత్తాంతాలను రాయించి సేకరించాడు. అవే కైఫీయతులు. తరవాత సి.పి. బ్రౌన్ వాటిలో పెక్కింటికి నకళ్లు రాయించాడు. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయతులను సంపుటాలుగా ప్రచురించింది.

పటం, కైఫీయతు ఒకే అధికారి ఆధ్వర్యంలో పుట్టాయి. పటంలో ఊరు ఒక చుక్క. ఆ చుక్కకు కాలం లేదు. కైఫీయతులో ఊరికి కాలం ఉంది. అడవి కొట్టి ఊరు కట్టినవారు ఎవరు, చెరువు వేయించినదెవరు, గుడికి మాన్యం ఇచ్చినదెవరు, ఏ పాలెగాడు ఎప్పుడు దోచాడు, ఏ దొరతనం ఎప్పుడు మారింది అన్న వరుసలో ఊరు నడుస్తుంది. కనుక పటాన్ని ఊహించిన స్థలానికీ, కైఫీయతును జీవించిన స్థలానికీ ఉదాహరణలుగా పెట్టడం మొదటి చూపులో సహజంగా కనిపిస్తుంది. నేటి వ్యాసాల్లో ఈ త్రయం సాధారణంగా ఇలాగే, మూడు గదుల పెట్టెగా వాడబడుతోంది.

నిశితంగా చూస్తే ఈ విభజన నిలవదు. కైఫీయతు చెప్పినవారిలో కరణాలు ముఖ్యులు. మాన్యాల వివరం చెప్పడంలో వారికి సొంత ప్రయోజనం ఉంది. వినేది కంపెనీ తరఫువారు కనుక చెప్పే కథకు హక్కుపత్రం లక్షణం వచ్చింది. అంటే జీవించిన స్థలమని మనం అనుకొన్నది ప్రభుత్వ దస్త్రం కోసం రూపుదిద్దుకొన్న స్థలం కూడా. జ్ఞాపకం, దస్త్రం ఒకే వాక్యంలో కలిసి ఉన్నాయి. చెరువు తవ్విన ఒడ్డెవారి కూలి, గట్టు మోసిన స్త్రీల శ్రమ ఆ వాక్యంలోకి అరుదుగా వస్తాయి. లెఫెవ్ర్ స్వయంగా ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి పెనవేసుకొన్న క్షణాలుగానే భావించాడు. కైఫీయతు ఆ పెనవేతకు మంచి రుజువు. దాన్ని జనవాణిగా కీర్తించడం గాని, వలస పాలన పత్రంగా కొట్టివేయడం గాని పాఠానికి న్యాయం చేయదు.

ఇక కాలువ. కె.సి. కాలువగా పిలిచే కర్నూలు–కడప కాలువను 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. లండన్‌లో సమీకరించిన పెట్టుబడికి ప్రభుత్వం 5 శాతం వడ్డీ హామీ ఇచ్చింది. సాగుకూ పడవల రవాణాకూ ఉద్దేశించిన ఆ పథకం లాభసాటి కాలేదు. 1882లో ప్రభుత్వమే దాన్ని కొన్నది. సుంకేసుల వద్ద తుంగభద్రను ఆపి కడప దాకా తెచ్చిన ఆ నీరు, మిగులు పెట్టుబడి తనకు కొత్త నేల వెతుక్కుంటుందన్న డేవిడ్ హార్వే వాదాన్ని గుర్తుచేస్తుంది. అయితే హార్వే విశ్లేషణ పెట్టుబడి రాకను వివరించినంతగా దాని తరవాతి జీవితాన్ని వివరించదు. వడ్డీ లెక్కల కోసం పుట్టిన కాలువ క్రమంగా "మా కాలువ" అయింది. దాని ఆయకట్టు రైతు సంఘాలకు, నీటి పోరాటాలకు కేంద్రమైంది. ఊహించిన స్థలం కూడా జనం చేతుల్లో తావు కాగలదని ఈ కాలువ చూపుతోంది.

5. మునిగిన తావులు: రెల్ఫ్, ఆగ్న్యూ

ఎడ్వర్డ్ రెల్ఫ్ 1976లో 'ప్లేస్ అండ్ ప్లేస్‌లెస్‌నెస్' రాస్తూ ఆధునిక నిర్మాణాలు అన్ని చోట్లనూ ఒకేలా మార్చి తావులేనితనాన్ని పెంచుతున్నాయని బాధపడ్డాడు. తావులో "లోపల" ఉండటం, "బయట" ఉండటం అనే భేదాన్ని ఆయన లోతుగా చర్చించాడు. 1987లో జాన్ ఆగ్న్యూ తావును మూడు అంశాలుగా విడదీశాడు. భూమి మీద దాని ఉనికి స్థానం, సామాజిక సంబంధాలు నడిచే పరిసరం, మనుషులు దానిపై పెంచుకొన్న భావన.

శ్రీశైలం జలాశయం ఈ మూడింటినీ విడగొట్టి చూపిన విషాద సందర్భం. జలవిద్యుత్తు లక్ష్యంగా మొదలైన ఆ ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు మునిగాయి. కృష్ణా తుంగభద్రల కూడలిలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఆగ్న్యూ భాషలో చెబితే కట్టడం మిగిలింది, ఉనికి స్థానం మారింది. ఫలితంగా సంగమం లేని సంగమేశ్వరుడు మిగిలాడు. ఇందుకు విలోమంగా సప్తనదీ సంగమేశ్వరం తన చోటనే ఉండిపోయింది. జలాశయం నిండితే గుడి కనబడదు, వేసవిలో నీరు తగ్గితే బయటపడుతుంది, పూజలు మళ్లీ మొదలవుతాయి. ఏడాదిలో చాలాకాలం లేకుండా పోయి, తిరిగి వచ్చే తావు ఇది. తావు స్థిరమైనదన్న రెల్ఫ్ ఊహకు అది ఒదగదు. స్థిరత్వం పోయినా భావన పోలేదు. అది నీటిమట్టంతో కలిసి ఎదురుచూపుగా మారింది.

ఈ పోలికలోనే ఒక నైతిక ప్రశ్న ఉంది. శిల్పకళ ఉన్న ఆలయానికి తరలింపు దొరికింది. మునిగిన ఊళ్లలోని ఇళ్లకు, చింతచెట్లకు, సమాధులకు, పీర్లచావిడులకు తరలింపు ఉండదు. వాటికి దొరికేది పరిహారం, అంటే స్థలం ధర. తావుకు ధర కట్టే లెక్క ఏ చట్టంలోనూ లేదు. రెల్ఫ్ చెప్పిన తావులేనితనం విమానాశ్రయాల, శివారు కాలనీల ఏకరూపత గురించినది. సీమలో అది బలవంతపు ఖాళీ చేయింపు రూపంలో వచ్చింది. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టడం సమంజసం కాదు.

రెల్ఫ్ పట్ల జాగ్రత్త వహించడానికి మరొక కారణం, ఆయన దగ్గర పదేపదే కనిపించే "అసలుతనం" అనే విలువ. "అసలైన సీమ" కోసం చేసే వెతుకులాట చివరకు ఎక్కడికి చేరుతుందో వెండితెర చూపింది. 'సమరసింహారెడ్డి' (1999) మొదలుకొని 'ఇంద్ర' (2002), 'ఒక్కడు' (2003) వరకు వరుసగా వచ్చిన చిత్రాల్లో సీమ అంటే సుమో బండ్లు, వేటకొడవళ్లు, కొండారెడ్డి బురుజు. బురుజు చుట్టూ రోజూ నడిచే కూరగాయల బండ్లు, ఆటోలు, విద్యార్థులు ఆ చిత్రంలో లేరు. బయటివారు తయారుచేసిన ఈ ముద్రకు బదులుగా లోపలివారు "త్యాగధనుల సీమ" అనే మరో ముద్రను నిలబెట్టడం తరచు జరుగుతోంది. రెండూ మూసినవే. ఒక ముద్రను మరొక ముద్రతో కొట్టడం వల్ల తావు తెరుచుకోదు.

6. మాసీ: సంబంధాల అల్లిక

డోరీన్ మాసీ (1944–2016) 1991లో రాసిన 'ఎ గ్లోబల్ సెన్స్ ఆఫ్ ప్లేస్' వ్యాసంలో తాను నివసించే లండన్ వీధి కిల్బర్న్ హై రోడ్డు మీద నడుస్తూ, అక్కడి దుకాణాల్లో ఐర్లండునూ భారతదేశాన్నీ చూసింది. తావుకు సరిహద్దు గీత అవసరం లేదనీ, దూరదూరాల నుంచి వచ్చే సంబంధాలు ఒకచోట కలిసే ప్రత్యేకమైన తీరే దాని వ్యక్తిత్వమనీ ఆమె వాదించింది. 'ఫర్ స్పేస్' (2005)లో ఈ వాదాన్ని విస్తరించింది. ఆమె మరొక ముఖ్య భావన "అధికార జ్యామితి". కదలిక అందరికీ ఒకటి కాదు. కొందరు కదలికను శాసిస్తారు, కొందరు కదలవలసి వస్తుంది, కొందరు ఇతరుల కదలిక వల్ల బందీలవుతారు.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో "సుగ్గి" అనే మాట ఉంది. కన్నడంలో అది కోతల పండుగ వేళ. ఆదోని, కోసిగి ప్రాంతాల కూలీ కుటుంబాలకు అది గుంటూరు మిరప, పత్తి చేలకో, బెంగళూరు కట్టడాలకో పోవడం. పక్క భాషలో సంబరాన్ని చెప్పే మాట ఈ ఊళ్లలో తాళం వేసిన ఇంటిని, మధ్యలో మానిన బడిని చెబుతోంది. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు, ప్రధానంగా కువైట్‌కు వెళ్లినవారిలో ఇంటిపనికి పోయిన స్త్రీలు ఎందరో. వారి డబ్బుతో ఊళ్లో మేడ లేస్తుంది. ఆ మేడలో వారు ఉండరు. మాసీ చెప్పిన అసమాన కదలికకు కిల్బర్న్ కంటే ఈ ఊళ్లు బలమైన ఉదాహరణలు. కిల్బర్న్‌లో మాసీ చూసింది వచ్చి చేరినవారిని. సీమలో చూడవలసింది వెళ్లిపోయినవారు వదిలిన ఖాళీని. సంబంధాల అల్లికలో లేమి కూడా ఒక పోగేనన్న సవరణను సీమ ఆమె సిద్ధాంతానికి అందిస్తుంది.

వేంపల్లె షరీఫ్ కథల సంపుటి 'జుమ్మా'లోని శీర్షిక కథ ఈ అల్లికను అతి తక్కువ చోటులో చూపుతుంది. శుక్రవారం నమాజు తప్పవద్దని కొడుకుకు ఎప్పుడూ చెప్పే తల్లి, హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగాక అదే కొడుకును మసీదుకు పోవద్దంటుంది. 2007 మే 18 నాటి ఆ ఘటన జరిగింది వందల కిలోమీటర్ల దూరంలో. కాని అది ఒక తల్లి నోటిమాటను మార్చింది. ప్రాంతీయత అధ్యాయంలోని పాత కొలతలతో చూస్తే ఈ కథలో సీమ తక్కువ. కరువు లేదు, కక్ష లేదు. మాసీ దృష్టితో చూస్తే దూరపు హింస ఒక ఇంటి గడపను ఎలా మార్చివేసిందో చెప్పిన ఈ కథ తావు గురించిన కథ. ముస్లిం జీవితం సీమ అనుభవంలో ఎంత లోతుగా ఇమిడి ఉందో, అది సీమ విమర్శలో ఎంత పలుచగా నమోదైందో కూడా ఈ పఠనం బయటపెడుతుంది.

7. తెరిచిన తావు, హక్కుల వాదం

మాసీ వాదానికి సీమ నుంచి ఒక గట్టి ఆక్షేపణ రావచ్చు. తావుకు సరిహద్దు లేదంటే, అన్నీ అన్నింటితో కలిసే ఉన్నాయంటే, "మా సీమకు మా వాటా" అనే న్యాయమైన కోరికకు ఆధారం ఏది? నష్టపోయిన ప్రాంతానికి తెరిచిన తావు అనే బోధ, ఉన్నవారు లేనివారికి చెప్పే నీతిలా వినిపించదా? ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయకూడదు.

సమాధానం సీమ చరిత్రలోనే ఉంది. దత్తమండలాలనే పేరు ఒకరు మరొకరికి ఇచ్చిన భూమి అని చెబుతుంది. ఆ పేరు కూడా అంతటికీ సమంగా వర్తించదు. కర్నూలు నవాబు సీమ 1839లో గాని కంపెనీ నేరు పాలనలోకి రాలేదు. 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు సూచించిన "రాయలసీమ" అనే పేరు, ఇచ్చివేయబడిన తనాన్ని విజయనగర జ్ఞాపకంతో తిప్పికొట్టింది. 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక కృష్ణా జలాల్లో ప్రాధాన్యం గురించి, రాజధాని లేదా హైకోర్టు ఎంపిక గురించి మాట్లాడింది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఆ స్థానం హైదరాబాదుకు పోయింది. ఈ వరుసలో సీమ ఏనాడూ ఒంటరి ద్వీపం కాదు. ప్రతి మలుపులోనూ అది మద్రాసుతో, కోస్తాతో, హైదరాబాదుతో ఒక సంబంధం.

నీటి సంగతీ అంతే. తెలుగుగంగ కాలువ పోతిరెడ్డిపాడు నుంచి కృష్ణా నీటిని వెలుగోడు, బ్రహ్మంగారి మఠం జలాశయాల మీదుగా నెల్లూరు వైపు తీసుకుపోయి చెన్నైకి అందించడానికి ఉద్దేశించినది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు ఒక్కొక్కటి 5 టి.ఎం.సి.ల చొప్పున మొత్తం 15 టి.ఎం.సి.లు మహానగర దాహానికి ఒప్పుకొన్నాయి. ముంపు కర్నూలుది, మార్గం కర్నూలు కడపలది. కాబట్టి సీమ అడిగేది "మేము వేరు, మా మానాన మమ్మల్ని వదిలేయండి" అన్న కోరిక కాదు. "ఈ అల్లికలో మేము ఇచ్చినదెంత, పొందినదెంత" అన్న లెక్క. ఈ లెక్కను మూసిన తావు అడగలేదు. బయటివారితో సంబంధమే లేదన్నప్పుడు బాకీ ఎవరి మీద పడుతుంది? సంబంధాల తావు సీమ వాదాన్ని బలహీనపరచదు, దానికి తర్కబద్ధమైన పునాదినిస్తుంది. అదే తర్కం లోపలికీ తిరుగుతుంది. కోస్తాను వాటా అడిగిన సీమను, దాని మాదిగ గేరీలు, సుగ్గికి పోయే కూలీలు, ముంపు బాధితులు వాటా అడుగుతారు. మూసిన తావు ఈ రెండో ప్రశ్నను ద్రోహంగా చూస్తుంది. తెరిచిన తావు దాన్ని అదే న్యాయానికి కొనసాగింపుగా గుర్తిస్తుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

తువాన్ అనుభవ దృష్టి స్థలనామాలను, 'కొండపొలం' వంటి నవలలను చదవడానికి ఉపకరిస్తుంది. అయితే అనుభవించేది ఎవరన్న ప్రశ్నను, కులాన్ని, హక్కును దానికి జతచేయాలి. లెఫెవ్ర్ త్రయాన్ని మూడు గదులుగా వాడితే కైఫీయతు వంటి మిశ్రపాఠం చేజారుతుంది. పెనవేతగా చదివినప్పుడే దాని విలువ తెలుస్తుంది. రెల్ఫ్ అసలుతనం సీమ ముద్రలను బలపరిచే ప్రమాదముంది. ఆగ్న్యూ విభజన ముంపు సందర్భాన్ని విశ్లేషించడానికి పనికొస్తుంది. మాసీ సంబంధ దృష్టి సీమ చరిత్రకు అన్నింటికంటే దగ్గరగా ఉన్నా, వెళ్లిపోయినవారి ఖాళీని లెక్కించేలా దాన్ని విస్తరించాలి.

పరిశోధకులు చేయదగిన పనులు ఇందులోంచే కనిపిస్తున్నాయి. ఒక కైఫీయతును, అదే గ్రామపు రెవెన్యూ పటాన్ని, ఆ గ్రామం నుంచి వచ్చిన కథను పక్కపక్కన పెట్టి చదవవచ్చు. ముంపు గ్రామాల వారి మౌఖిక కథనాలను వారి తరం ఉండగానే నమోదు చేయాలి. సుగ్గి, కువైట్ వలసల పాటలనూ ఉత్తరాలనూ సీమ సాహిత్యంలో భాగంగా గుర్తించాలి. "ప్రాంతీయత" అధ్యాయానికి బదులు, ఈ రచనలో తావు ఎవరిది, ఎవరికి తావు లేదు, ఏ దూరాలు ఇక్కడ కలిశాయి అన్న మూడు ప్రశ్నలతో అధ్యాయం మొదలైతే, కరువు లేని కథకూ సీమ సాహిత్యంలో తావు దొరుకుతుంది.